బెంగళూరు చెత్త, దాన్ని ఏరే కొత్త మిషన్లు: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వైట్‌ఫీల్డ్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే. చెత్త సంగతి చూసే కమిటీలో ఆరేళ్ళుగా ఉన్నాను కాబట్టి లిఫ్టులో కనిపించినా, ఉగాది భోజనాల దగ్గర కూర్చున్నా, ఎవరో ఒకరు ఇదే విషయం అడుగుతారు. ఈ మధ్య ఏఐతో చెత్త ఏరే మిషన్ల వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, దాంతో ప్రశ్నలు ఇంకా పెరిగాయి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. మారతహళ్ళిలో ఉన్నా కేఆర్ పురంలో ఉన్నా మీ ఇంటి చెత్త సంగతీ ఇంతే.

మిషన్లే అన్నీ వేరు చేస్తాయంటున్నారు కదా, ఇంకా మేం ఇంట్లో తడి పొడి వేరు చెయ్యడం దేనికి?

చెయ్యాలి. మిషన్ వచ్చాక ఇంకా జాగ్రత్తగా చెయ్యాలి.

ఏరే మిషన్‌కి వస్తువు పైపొర మాత్రమే కనిపిస్తుంది. పెరుగన్నం అంటుకున్న డబ్బా మీద కాంతి వేస్తే దానికి డబ్బా సరిగ్గా కనపడదు, ఎందుకంటే తడి ఆ కాంతిని పీల్చేస్తుంది. ఒకవేళ ఎలాగోలా గుర్తుపట్టి పక్కకి తోసినా, సాంబారులో నానిన అట్టపెట్టెని మళ్ళీ మంచి అట్టగా చేసే మిషన్ లోకంలో ఎక్కడా లేదు. కాగితం ఒకసారి కూరల నూనె పీల్చుకుందంటే అంతే సంగతులు. ఈ మిషన్లు బాగా పనిచేస్తున్న యూరప్ ఊళ్ళలో సీసాలూ డబ్బాలూ వేరే సంచిలోనో వేరే డబ్బాలోనో పొడిగా వస్తాయి, మిషన్ పని అక్కడ మొదలవుతుంది. మన ఊళ్ళ చెత్తలో బరువు చూస్తే సగం పైన తడి చెత్తే, అంటే అన్నం, కూరల తొక్కలు, టీ పొడి, పూలు. అదంతా పొడి చెత్త మీద పోసి కోట్లు పెట్టి కొన్న మిషన్లోకి తోస్తే, ఆ కోట్లు కూడా చెత్తలో కలిసినట్టే.

అసలు ఏది ఏ ప్లాస్టికో ఆ మిషన్‌కి ఎలా తెలుస్తుంది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, కాస్త పొడుగ్గానే చెబుతాను.

మీ ఇంటి పొడి చెత్త సంచిలో ఒక పాల కవరు, ఒక నీలం కొబ్బరినూనె సీసా, ఒక నీళ్ళ బాటిల్, ఒక కూల్‌డ్రింక్ టిన్ను, పప్పు డబ్బా ఇనప మూత, కొరియర్ అట్టపెట్టె ఉన్నాయనుకోండి. ముందు సంచిని చింపుతారు. తర్వాత అన్నీ ట్రామెల్ అనే పెద్ద జల్లెడ గొట్టంలో పడతాయి, అది గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, మట్టీ చిన్న ముక్కలూ కన్నాల్లోంచి కిందికి రాలిపోతాయి. పిండి జల్లించినట్టే, కాకపోతే ఇక్కడ మనకి కావలసింది జల్లెడలో మిగిలేది. ఆ మిగిలినవి బెల్టు మీద ముందుకి వెళ్తాయి. పైన వేలాడే అయస్కాంతం ఇనప మూతని లాగేసుకుంటుంది. కూల్‌డ్రింక్ టిన్ను అల్యూమినియం కాబట్టి అయస్కాంతానికి అంటుకోదు. దాని కోసం ఎడ్డీ కరెంట్ అనే ఏర్పాటు ఉంటుంది. బెల్టు చివర లోపల అయస్కాంతాలు చాలా వేగంగా తిరుగుతాయి, ఆ తిరుగుడికి అల్యూమినియంలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు తెచ్చే అయస్కాంత శక్తి వల్ల టిన్ను ఎగిరి అవతలి తొట్టిలో పడుతుంది. ఆ టిన్నుని వదులుకోకూడదు, ఎందుకంటే ఖనిజం నుంచి కొత్తగా అల్యూమినియం తియ్యడంతో పోలిస్తే పాతదాన్ని కరిగించుకుంటే 95 శాతం దాకా శక్తి ఆదా అవుతుంది.

తర్వాత ఊగే పలకల మీద బల్లపరుపుగా ఉన్నవి, అంటే కవర్లూ కాగితాలూ, ఒక వైపుకి వెళ్తాయి, దొర్లేవి అంటే సీసాలు రెండో వైపుకి దొర్లుతాయి. ఇప్పుడొస్తుంది అసలు మిషన్. బెల్టు సెకనుకి దాదాపు మూడు మీటర్ల వేగంతో పరుగెడుతూ ఉంటుంది, పైనుంచి హాలోజెన్ దీపాల వెలుగు పడుతుంది. అందులో మన కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఉంటుంది. ఒక్కో ప్లాస్టిక్ ఆ కాంతిలో ఒక్కో భాగాన్ని పీల్చుకుని మిగతాది వెనక్కి పంపుతుంది. నీళ్ళ బాటిల్ పెట్ అనే రకం, కొబ్బరినూనె సీసా హెచ్‌డీపీఈ అనే రకం, పెరుగు డబ్బా ఎక్కువగా పీపీ అనే రకం. మనకి మూడూ ప్లాస్టికే, కానీ తిరిగొచ్చే కాంతిలో మూడింటికీ మూడు వేలిముద్రలు. సెన్సర్ ఆ ముద్ర చదివి, వస్తువు బెల్టు చివరికి వచ్చే క్షణం లెక్కగట్టి, సరిగ్గా అప్పుడు సన్నని గాలి గొట్టంలోంచి ఒక్క ఊపు ఊదుతుంది. పెట్ బాటిల్ ఎగిరి దాని తొట్టిలో పడుతుంది, మిగతావి కిందికి జారిపోతాయి. ఇదంతా కన్ను ఆర్పే లోపల అయిపోతుంది. నార్వేకి చెందిన టోమ్రా లాంటి కంపెనీలు ఈ మిషన్లు తయారుచేస్తాయి.

మరి ఏఐ ఎక్కడుంది ఇందులో?

కెమెరాలో. కాంతి చదివే సెన్సర్‌కి అది పీపీ అని తెలుస్తుంది, కానీ అది పెరుగు డబ్బానా, యాసిడ్ డబ్బానా అన్నది తెలియదు. లక్షల ఫోటోలు చూపించి నేర్పిన కెమెరా ఆకారం, రంగు, మీద ఉన్న బొమ్మ చూసి ఆ తేడా చెబుతుంది. దానికి రోబో చేయి తగిలిస్తే గాలితో పీల్చే కప్పుతో వస్తువుని ఎత్తి పక్కన వేస్తుంది. ఫిన్లాండ్‌లో 2007లో మొదలైన జెన్‌రోబోటిక్స్ ఈ దారిలో ముందు నడిచింది, వాళ్ళ మిషన్ ఒక్క చేత్తో నిమిషానికి 80 వస్తువుల దాకా ఏరగలదని చెబుతారు. మన దేశంలో అహ్మదాబాద్ కంపెనీ ఇషిత్వ ఇలాంటివే తయారుచేస్తోంది. నా ఉద్దేశంలో మనకి ఎక్కువ పనికొచ్చేది ఇక్కడివాళ్ళు నేర్పిన కెమెరానే. వేరే దేశం చెత్త చూసి నేర్చుకున్న కెమెరాకి మన గుట్కా పాకెట్, మన సాషేలు, మన పాల కవరు ఎక్కడ తెలుస్తాయి చెప్పండి.

నల్ల ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోరంటారు. ఎందుకు?

బిర్యానీ పార్సిల్ వచ్చే నల్ల డబ్బానే కదా. నలుపు కోసం అందులో మసి లాంటి కార్బన్ బ్లాక్ కలుపుతారు, అది ఇన్‌ఫ్రారెడ్ కాంతిని మొత్తం మింగేస్తుంది, సెన్సర్‌కి ఏమీ తిరిగి రాదు. బెల్టు నల్లగా, డబ్బా నల్లగా, మామూలు మిషన్‌కి అక్కడ ఖాళీ బెల్టే కనిపిస్తుంది. ఇప్పుడు వేరే రకం కాంతితోనో కెమెరాతోనో నల్లవాటిని పట్టుకునే మిషన్లు వచ్చాయి గానీ అవి అన్ని చోట్లా ఉండవు. హోటల్‌వాళ్ళు తెల్ల డబ్బాలోనో, రంగులేని డబ్బాలోనో ఇస్తే ఈ గొడవే ఉండదు. ఇంకా మంచిది, వీధి చివరి హోటల్‌కి మన స్టీలు క్యారియర్ పట్టుకెళ్ళడం. నేను ఇప్పటికీ తీసుకెళ్తాను, ఎవరూ కాదనలేదు.

మేం వేరు చేసి ఇచ్చినా చెత్త తీసుకెళ్ళే ఆటోవాళ్ళు అన్నీ కలిపేస్తున్నారు. ఇంక మేం ఎందుకు చెయ్యాలి?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, అడిగేవాళ్ళ కోపం కూడా న్యాయమైనదే. నాలుగేళ్ళ క్రితం మా అపార్ట్‌మెంట్‌కి వచ్చే కాంట్రాక్టరు బండి వెనకాలే నేను స్కూటర్ మీద వెళ్ళి చూశాను. మేం మూడు రకాలుగా ఇచ్చింది రెండు వీధులు దాటాక ఒకే తొట్టిలో పడింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. అరవై ఇళ్ళవాళ్ళని బతిమాలి బతిమాలి చేయించిన పని అది.

తర్వాత ఏం చేశామంటే కాంట్రాక్టు మార్చాం, పొడి చెత్తని సరాసరి వార్డులోని డ్రై వేస్ట్ సెంటర్‌కి పంపే ఏర్పాటు చేశాం, ప్రతి నెలా బరువుల లెక్క రాసి ఇవ్వమన్నాం. లెక్క అడగడం మొదలుపెట్టాక కలపడం ఆగింది. మీది విడి ఇల్లు అయితే తడి చెత్త ఒక్కటే రోజూ ఇవ్వండి, పొడిది ఇంట్లోనే దాచి దాని రోజున మాత్రమే ఇవ్వండి. మీ వీధికి అది ఏ రోజో ఆటోవాళ్ళనే అడగండి, చెబుతారు. పొడి చెత్త కడిగి ఆరబెట్టి ఉంటే వారం పది రోజులైనా వాసన రాదు.

ఒక్క మాట. ఆ ఆటో పక్కన గోనె సంచులు వేలాడుతూ ఉంటాయి, చూశారా? బాటిళ్ళూ అట్టలూ వాళ్ళు దారిలోనే చేత్తో ఏరి అందులో వేసుకుంటారు, అమ్ముకుంటే నాలుగు రూపాయలు వస్తాయి. మనం కలిపి ఇచ్చినప్పుడు వాళ్ళ చేతులు వెళ్ళేది మన పిల్లల డయపర్ల మధ్యకి. బెంగళూరులో ఈ పౌరకార్మికుల్లో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళే, తరాల క్రితం మన రాయలసీమ జిల్లాల నుంచి ఇటు వచ్చిన దళిత కుటుంబాలవాళ్ళు. తెలుగులో పలకరించి చూడండి.

ఈ ఊళ్ళో వేరు చెయ్యడం నిజంగా రూలా, ఊరికే అంటారా?

రూలే. 2012లో నగరం బయట ఉన్న మావళ్ళిపుర చెత్త డంపు మూతపడింది, ఇంకో డంపు ఉన్న మండూరు జనం మా ఊరికి ఇంక చెత్త లారీలు రానివ్వం అని రోడ్డెక్కారు. అదే ఏడాది ఈ నగరం వీధుల్లో చెత్త గుట్టలు పడ్డాయి. మండూరుకి లారీలు ఆగింది 2014 చివర్లో. ఇక్కడ పాతవాళ్ళనెవరిని అడిగినా ఆ వాసన గుర్తుందంటారు, కానీ ఆ పల్లెవాళ్ళకి అది ఏళ్ళ తరబడి రోజూ ఉన్న వాసన. వాళ్ళ బోరు నీళ్ళు పాడయ్యాయి. మనం కలిపి పారేసిన చెత్త మాయమైపోదు, ఇంకొకరి ఊరి పక్కన పడుతుంది, ఇప్పుడు మిట్టగానహళ్ళి వైపు పడుతున్నట్టు.

ఆ తర్వాత కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరులో రెండు డబ్బాలు ఒక సంచి పద్ధతి తప్పనిసరి చేసింది. ఆకుపచ్చ డబ్బాలో తడి, ఎర్ర డబ్బాలో ప్యాడ్లు డయపర్ల లాంటివి, సంచిలో పొడి. 2025లో పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి, అప్పుడు కూడా ఈ పద్ధతి మారలేదు. పక్కింటి కన్నడవాళ్ళు హసి కస, ఒణ కస అంటారే, అవి తడి చెత్త, పొడి చెత్తే.

డబ్బాలు కడగమంటారు. ఈ ఊళ్ళో నీళ్ళకి ట్యాంకర్లు తెప్పించుకుంటున్నాం, చెత్త కడగడానికి నీళ్ళా?

2024 ఎండాకాలం ఇక్కడ ఉన్నవాళ్ళెవరూ ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోరు. తళతళలాడేలా తోమక్కర్లేదు. గిన్నెలు తోమాక సింకులో మిగిలే నీళ్ళతో ఒక్కసారి తొలిపి బోర్లించండి, చాలు. బియ్యం కడిగిన నీళ్ళు కూడా సరిపోతాయి. చూసుకోవలసింది రెండే, లోపల తిండి ఉండకూడదు, తడి ఆరాలి. నూనె పాకెట్ అయితే కడగక్కర్లేదు, మూలకి నొక్కి మొత్తం పిండేసి ఇచ్చేయండి.

పాల కవరు మూల కత్తిరిస్తాం కదా, ఆ చిన్న ముక్క?

దాన్ని పూర్తిగా తెంచకండి. సగం కోసి వేలాడనివ్వండి. తెగిన ముక్క జల్లెడ కన్నంలోంచి మట్టిలో కలిసిపోతుంది. మన ఊరు రోజూ ఎన్ని పాల కవర్లు చింపుతుందో ఒక్కసారి ఆలోచించండి. కవరు మాత్రం మంచి సరుకు, కడిగి ఆరబెట్టి ఇస్తే గుజరీ షాపులో, అంటే పాత సామాన్లు కొనే కొట్టులో, మిగతా కవర్ల కంటే మెరుగైన ధర వస్తుంది.

బాటిల్ నలిపి ఇవ్వాలా? మూత తియ్యాలా?

కాస్త నలపండి, చపాతీలా మాత్రం చెయ్యకండి. పూర్తిగా బల్లపరుపైతే ఊగే పలకల మీద అది కాగితాల వైపుకి వెళ్ళిపోతుంది. లోపల నీళ్ళు ఉంచకండి, బరువెక్కితే గాలి ఊపుకి ఎగరదు.

మూత పెట్టే ఇవ్వండి. బాటిల్ పెట్, మూత పీపీనో హెచ్‌డీపీఈనో అవుతుంది. రెండింటినీ ముక్కలు చేసి నీళ్ళ తొట్టిలో వేస్తే పెట్ మునుగుతుంది, మూత ముక్కలు తేలతాయి. మీ పిల్లలతో ఇంట్లోనే చేసి చూడండి. బాటిల్లో ఒక ముక్క కత్తిరించి, మూతా ఆ ముక్కా చెంబు నీళ్ళలో వేసి, లోపల గాలి బుడగ లేకుండా ముంచి వదలండి. మా అబ్బాయి ఈ ఒక్కటి చూశాక ప్రతి డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె చదవడం మొదలుపెట్టాడు. 1 అంటే పెట్, 2 హెచ్‌డీపీఈ, 3 పీవీసీ, 4 ఎల్‌డీపీఈ, 5 పీపీ, 6 పాలీస్టైరీన్, 7 మిగతావన్నీ.

వీటిలో భయపడాల్సింది 3కి. పీవీసీ, పెట్ రెండూ నీళ్ళలో మునుగుతాయి, కాబట్టి తొట్టిలో విడిపోవు. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి, అంత వేడికి ముందే పీవీసీ మాడి యాసిడ్ ఆవిరి వదులుతుంది. ఎక్కడో కాస్త కలిసినా సరే, పెట్ మొత్తం పసుపుపచ్చగా మారి పెళుసెక్కుతుంది. కాంతి మిషన్ మనిషి కంటే నిజంగా మెరుగనిపించేది ఇక్కడే. పైకి ఒకేలా కనిపించే రెండు పారదర్శకమైన సీసాల్లో ఏది పీవీసీయో అది చాలావరకు సరిగ్గానే చెబుతుంది.

బాటిల్ మొత్తానికి బిగుతుగా రంగుల తొడుగు వేసి ఉంటే మాత్రం దాన్ని చింపి ఇవ్వండి. లేకపోతే మిషన్ తొడుగుని చదివి, అదే బాటిల్ అనుకుంటుంది.

చిప్స్ పాకెట్లు, టెట్రా ప్యాకులు, థర్మోకోల్?

చిప్స్ పాకెట్లో ప్లాస్టిక్ పొర, లోహపు పూత, మళ్ళీ ప్లాస్టిక్, ఇలా అతుక్కుని ఉంటాయి. ఎంత గొప్ప మిషనైనా దాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టగలదు గానీ పొరలు విడదీయలేదు. అందుకే ఇవి ఎక్కువగా సిమెంటు ఫ్యాక్టరీల కొలిమికి బొగ్గు బదులు వెళ్తాయి. మీరు ఎంత శుభ్రంగా ఇచ్చినా మళ్ళీ పాకెట్ అవ్వదు, అలాగని రోడ్డు మీద పడేస్తే కాలువ పూడి వానాకాలం మన వీధిలోకే నీళ్ళొస్తాయి. పొడి సంచిలోనే వెయ్యండి. తప్పు మనది కాదు, అలాంటి పాకెట్ తయారుచేసినవాళ్ళది. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ప్యాకింగ్ ప్లాస్టిక్‌ని తిరిగి సేకరించే బాధ్యత కంపెనీలదే.

టెట్రా ప్యాక్‌లో ముప్పావు వంతు దాకా అట్టే, దాన్ని కత్తిరించి కడిగి ఇస్తే పనికొస్తుంది. థర్మోకోల్ దాదాపు అంతా గాలే, లారీ నిండా వేసినా బరువు తూగదు, అందుకే ఎవరూ ఇష్టంగా తీసుకోరు. టీవీ కొన్నప్పుడు ఆ పెట్టె దిమ్మెల్ని డెలివరీ వాళ్ళకే తిరిగి ఇచ్చేయండి.

భూమిలో కలిసిపోయే కవర్లు అని అమ్ముతున్నారు, అవి మంచివేనా?

కంపోస్ట్ యూనిట్‌లో వేడిలో అయితే కలుస్తాయి, మీ పెరటి కుండీలో అంత తొందరగా కలవవు. పైగా మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ గ్లాసు చూడ్డానికి అచ్చం పెట్‌లా ఉంటుంది, పెట్‌లో కలిస్తే పాడుచేస్తుంది. గుడ్డ సంచి ఉండగా ఇవన్నీ ఎందుకండీ.

మిషన్లు వస్తే చేత్తో ఏరే వాళ్ళ పని పోతుంది కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళంటే నాకు గౌరవం. చాలామందికి ఇది తట్టదు.

మా వార్డు డ్రై వేస్ట్ సెంటర్‌కి మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకావిడ కింద కూర్చుని ఏరుతున్నారు. కదిరి వైపు నుంచి వచ్చారట, నా మాట విని వెంటనే తెలుగులోకి మారిపోయారు. "ఏ ఊరు అక్కా మీది?" అని అడిగి, నేను చూస్తున్నానని రెండు కవర్లు చేతిలో నలిపి వినిపించారు. ఒకటి కరకరమంది, ఒకటి మెత్తగా మూలిగినట్టు అంది. "గట్టిగా పలికేది పీపీ, మెత్తనిది ఎల్డీ" అన్నారు. బట్టల కవరు, పాల కవరు, బ్రెడ్డు కవరు, ఆవిడ కళ్ళు తిప్పకుండానే చేతులు మూడు కుప్పలు చేస్తున్నాయి. ఇరవై ఏళ్ళ చదువు అది. మిషన్ కాంతితో చేసేది ఆవిడ చెవితోనూ వేళ్ళతోనూ చేస్తారు. సెకనుకి మూడు మీటర్ల బెల్టు మీద ఆవిడ చెయ్యలేరు, నిజమే. కానీ బెల్టు చివర మిషన్ పొరబడినవి పట్టుకోవాలన్నా, కెమెరాకి ఏది ఏమిటో నేర్పాలన్నా, ఏ సరుకు ఎవరు కొంటారో చెప్పాలన్నా ఆవిడని మించినవాళ్ళు దొరకరు.

చెత్త ఏరేవాళ్ళకి గుర్తింపు కార్డులు ఇవ్వడం బెంగళూరులో 2011లో మొదలైంది. హసిరు దళ లాంటి సంస్థలు వాళ్ళతో కలిసి పనిచేసి, వార్డు సెంటర్లు వాళ్ళే నడిపే దాకా తెచ్చాయి. పెద్ద మిషన్ ఊరి బయట పెట్టి, వార్డు సెంటర్లు మూసేసి, చెత్తంతా ఒకే కంపెనీకి అప్పగిస్తే ఆ కష్టమంతా వృథా. సెంటర్లు ఉంచి, అక్కడ బెల్టూ, సరుకుని నొక్కి మూటలు కట్టే బేలింగ్ ప్రెస్సూ పెట్టి, దుమ్ము పీల్చే ఫ్యాన్లూ, మంచి గ్లవ్సులూ, కూర్చునే ఎత్తులో బల్లలూ ఇచ్చి, వాటి నుంచి వచ్చే సరుకుని పెద్ద మిషన్ దగ్గర ఇంకా సన్నగా ఏరితే రెండు పనులూ జరుగుతాయి. మిషన్ కొనేటప్పుడే దాన్ని ఎవరు నడుపుతారని అడగాలి. ప్యాడ్లూ గాజు పెంకులూ ఇంజెక్షన్ సూదులూ తీసే పని మిషన్‌కి పోతే పోనివ్వండి, అది మనిషి చెయ్యవలసిన పని కాదు.

అంత ఖర్చు పెట్టి ఏరడం దేనికి, అంతా తగలబెట్టి కరెంటు తీస్తే పోదా?

బెంగళూరు పక్కన బిడది దగ్గర అలాంటి ప్లాంటు కట్టారు, రోజుకి 600 టన్నులు కాల్చి 11.5 మెగావాట్లు తియ్యాలన్నది లెక్క. ఈ ఊరి చెత్త రోజుకి నాలుగైదు వేల టన్నులు అన్నది గుర్తుంచుకోండి. పైగా తడి కట్టెలతో పొయ్యి వెలిగించినవాళ్ళకి తెలుసు, ముందు నీళ్ళు ఎగరాలి, తర్వాతే మంట. అన్నం కూరలు కలిసిన చెత్త కూడా అంతే. అంటే కాల్చడానికైనా ముందు వేరు చెయ్యాల్సిందే. నా మట్టుకు నాకు, మళ్ళీ బాటిల్ కాగలిగినదాన్ని కాల్చడం ఇష్టం లేదు. పైగా ఇప్పుడు కొనేవాళ్ళు కూడా ఉన్నారు, కంపెనీలు సీసాలూ డబ్బాల లాంటి గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో పాత ప్లాస్టిక్ 30 శాతంతో మొదలుపెట్టి ఏటేటా పెంచుతూ 60 దాకా కలపాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. కానీ షాంపూ సీసాకి కావలసింది శుభ్రమైన, ఒకే రకం ప్లాస్టిక్. మన హైదరాబాదులో బన్యన్ నేషన్ అలాంటి సరుకే తయారుచేస్తోంది. ఏరడం సరిగ్గా ఉంటేనే అది సాధ్యం.

మా అపార్ట్‌మెంట్‌లో మేమే మిషన్ కొనుక్కోవచ్చా?

రోజుకి 100 కిలోలు దాటితే మీరు బల్క్ జనరేటర్, అంటే పెద్ద మొత్తంలో చెత్త ఇచ్చేవాళ్ళ కిందికి వస్తారు, ఏర్పాటు మీరే చూసుకోవాలి. కానీ కాంతితో ఏరే మిషన్ అపార్ట్‌మెంట్‌కి పనికిరాదు, అది గంటకి టన్నుల లెక్కన తినాలి. మీ డబ్బు తడి చెత్త ఎరువు మీద పెట్టండి. ఇరవై నాలుగు గంటల్లో ఎరువు అని అమ్మే కరెంటు మిషన్లు చూసి మోసపోకండి, చాలావరకు అవి ఎండబెట్టి పొడి చేస్తాయి, అంతే. తడిస్తే మళ్ళీ కుళ్ళడం మొదలు. మేం మాత్రం గాలి ఆడే తొట్లు, కొబ్బరి పీచు పొడి, ఇద్దరు మనుషులతో నడుపుతున్నాం. పొడి చెత్తకి వానకి తడవని ఒక గది, ఒక త్రాసు, ఒక నోటు పుస్తకం ఉంటే సరిపోయింది.

బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, పాత ఫోన్లు?

పొడి సంచిలో అస్సలు వెయ్యకండి. ఫోన్లలో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీ లారీలోనో ప్రెస్సులోనో నలిగితే అంటుకుంటుంది. చుట్టూ ఉండేది ఎండిన కాగితం, ప్లాస్టిక్. ఎన్నో దేశాల్లో ఏరే ప్లాంట్లు ఇలాగే తగలబడ్డాయి. ఇంట్లో ఒక డబ్బా పెట్టి అందులో దాచి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.

ప్యాడ్లు, డయపర్లు?

పాత పేపర్లో చుట్టి, మీద ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టి, ఎర్ర డబ్బాలో. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టకండి, లోపల ఏముందో తెలియక వాళ్ళు విప్పి చూడాల్సి వస్తుంది.

నేను పీజీ హాస్టల్లో ఉంటాను, రూములో ఒకటే డబ్బా. నేనేం చెయ్యగలను?

మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ పీజీల నుంచి ఈ ప్రశ్న చాలామంది పిల్లలు అడిగారు. ఇంటి నుంచి అమ్మ పంపిన పచ్చడి సీసా, పొడుల డబ్బాలు, రాత్రిపూట తెప్పించుకునే పార్సిళ్ళు, మీ దగ్గరున్నవి అవే కదా. తలుపు వెనక మేకుకి ఒక గుడ్డ సంచి తగిలించండి, పొడివన్నీ అందులో. ఎంగిలిది కింద మెస్‌లో తడి తొట్టి ఉంటే అక్కడికి. లేకపోతే పీజీ ఓనరుని రెండు తొట్లు పెట్టమని నలుగురు కలిసి అడగండి, ఒక్కరు అడిగితే పట్టించుకోరు. సంచి నిండాక ఆదివారం వీధి చివర గుజరీ షాపుకి తీసుకెళ్ళండి, పేపర్లు, అట్టలు, సీసాలు, బాటిళ్ళు అన్నీ తూకానికి తీసుకుంటారు. పచ్చడి సీసా మాత్రం కడిగి దాచుకోండి, సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మళ్ళీ నింపించుకు రావచ్చు.